వెంట రావాల్సింది ఎవరు?

ఆసుపత్రి రిజిస్టర్లలో తరచుగా కనిపించే మాట ఒకటుంది - 'లాస్ట్ టు ఫాలోఅప్'. రమ్మన్న తేదీకి రాలేదు, తర్వాత ఏమయ్యారో తెలియదు అని దానర్థం. పెద్దవాళ్ల విషయంలో ఈ మాట రోగి గురించి చెబుతుంది. ఎనిమిది నెలల బిడ్డ పేరు పక్కన రాసినప్పుడు మాత్రం అది బిడ్డ గురించి కాదు. ఎనిమిది నెలల బిడ్డ తనంతట తాను రాదు, రాకుండా ఉండదు. ఆ మాట తల్లి గురించి. తీసుకురావాల్సింది ఆమె, తీసుకురానిది ఆమె. తప్పిపోయింది కూడా ఆమే అని ఆ రిజిస్టరు, పేరు ఎత్తకుండానే, తేల్చేస్తుంది.

గర్భంలో ఉండగా తల్లి నుంచి బిడ్డకు సోకే ఇన్‌ఫెక్షన్లు కొన్ని ఉన్నాయి. రుబెల్లా, సైటోమెగలో వైరస్ (సి.ఎమ్.వి.), సిఫిలిస్, టాక్సోప్లాస్మా, హెచ్.ఐ.వి. వీటిలో ముఖ్యమైనవి. వీటితో పుట్టిన పిల్లల విషయంలో మనం మొదట పట్టించుకోవాల్సిన సంగతి, కాన్పుతో కథ ముగియకపోవడం. సి.ఎమ్.వి. సోకి, ఏ లక్షణమూ లేకుండా పుట్టిన పిల్లల్లో నూటికి పది పదిహేను మందికి తర్వాతి కాలంలో వినికిడి దెబ్బతింటుంది. పుట్టినప్పుడు చేసిన పరీక్షలో 'బాగుంది' అని తేలిన బిడ్డకే రెండో ఏటో మూడో ఏటో చెవుడు రావచ్చు. టాక్సోప్లాస్మా కంటి లోపలి పొరను కొన్నేళ్ల తర్వాత, బిడ్డ బడికి పోయే వయసులో కూడా దెబ్బతీయగలదు. రుబెల్లా వల్ల శుక్లాలతో పుట్టిన బిడ్డకు నెలల వయసులోనే ఆపరేషన్ చేయాలి. అయితే ఆపరేషన్ అయ్యాక అసలు పని మొదలవుతుంది. అద్దాలు పెట్టించాలి, పెరిగే కంటికి తగ్గట్టు వాటిని మార్పించాలి, కంట్లో ఒత్తిడి పెరుగుతోందేమో చూపిస్తూ ఉండాలి. గుండెలో లోపం ఉంటే దానికి వేరే డాక్టరు. సిఫిలిస్‌కు పెన్సిలిన్ ఇచ్చాక కూడా రెండు మూడు నెలలకొకసారి రక్తపరీక్ష చేయించి, అది పూర్తిగా తగ్గేదాకా చూడాలి. అంటే డాక్టర్లు తేలిగ్గా 'ఫాలోఅప్' అనేసేది అయిదారేళ్ల పని.

ఈ పని ఎవరు చేస్తారు? ఎవరి ఖర్చుతో, ఎవరి కూలితో, ఎవరి నడుము మీద చేస్తారు? అసలు చర్చ ఇక్కడ జరగాలి. జరుగుతున్నది మాత్రం 'తల్లుల్లో అవగాహన పెంచాలి' అనే చర్చ.

వికారాబాద్ జిల్లాలో కోట్‌పల్లి మండలాన్నే తీసుకుందాం. 2016లో కొత్త జిల్లాతో పాటు ఏర్పడిన మండలం. హైదరాబాద్ వాళ్లకు అక్కడి ప్రాజెక్టు తెలుసు, ఆదివారం పడవ నడిపి పోతుంటారు. ఆ నీటి చుట్టూ ఉన్న ఊళ్లలో, తండాల్లో కంది, పత్తి పండుతాయి. ఇక్కడి తల్లి ఒకామెకు ఇలాంటి బిడ్డ పుట్టిందనుకుని ఆమె దినచర్యను లెక్కవేసి చూద్దాం. పిల్లల డాక్టరు కోసం నీలోఫర్ ఆసుపత్రి, అది రెడ్‌హిల్స్‌లో. చెవికి సర్కారు ఇ.ఎన్.టి. ఆసుపత్రి, అది కోఠిలో. కంటికి సరోజినీదేవి, అది మెహదీపట్నంలో. ఎదుగుదల వెనకబడితే మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థ, అది సికింద్రాబాద్ అవతల. ఒకే బిడ్డ, ఒకే జబ్బు, నాలుగు దిక్కులు. వికారాబాద్ నుంచే హైదరాబాద్ డెబ్బై కిలోమీటర్ల పైమాట. కోట్‌పల్లి నుంచి వికారాబాద్ చేరడం వేరే లెక్క. ఓ.పి. చీటీలు మధ్యాహ్నానికి ఆపేస్తారు. కనుక చీకటితో లేచి, వండి, పెద్ద పిల్లల్ని ఎవరికో అప్పగించి, మొదటి బస్సు పట్టుకోవాలి. చీటీ దొరికితే పరీక్షకు తేదీ ఇస్తారు. ఆ తేదీకి మళ్లీ రావాలి. రిపోర్టు మూడోసారికి వస్తుంది. ఇదంతా ఒక అవయవానికి.

ఇందులో బస్సు చార్జీ అనే భాగం 2023 డిసెంబర్ 9 నుంచి తగ్గింది. తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం కావడం చిన్న విషయం కాదు. మగవాళ్ల అనుమతి అడగకుండా, ఇంట్లో డబ్బు అడగకుండా ఆసుపత్రికి బయల్దేరే వీలు దొరికింది. దాన్ని ఎగతాళి చేసేవాళ్లు ఈ తల్లులతో ఒక్కరోజు ప్రయాణించి చూడాలి. అయితే పోయిన కైకిలి ఎవరిస్తారు? పత్తి ఏరే రోజుల్లో, కంది కోసే రోజుల్లో ఆసుపత్రి తేదీ పడితే ఆమె రెండింటిలో ఒకటి వదులుకోవాలి. కూలి వదులుకుంటే అప్పు, తేదీ వదులుకుంటే రిజిస్టరులో ఆ మాట. తాండూరు నాపరాయి పాలిషింగ్ యూనిట్లలో పనిచేసే ఆమెకైనా ఇంతే. నాలుగు రోజులు రాకపోతే ఆ చోటులో ఇంకొకరు ఉంటారు.

2024 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఒక మంచి మాట చెప్పింది. హిమాచల్ ప్రదేశ్‌లో ప్రభుత్వ కళాశాల అధ్యాపకురాలు ఒకరు, పుట్టుకతో ఎముకల జబ్బు ఉన్న కొడుకు వైద్యం కోసం ఉన్న సెలవులన్నీ వాడేసుకుని కోర్టుకెక్కారు. శిశు సంరక్షణ సెలవు ఒక వెసులుబాటు కాదు, ఉద్యోగాల్లో స్త్రీల భాగస్వామ్యానికి సంబంధించిన రాజ్యాంగపరమైన విషయం అని కోర్టు అన్నది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకు 2008 నుంచి ఇలాంటి సెలవు 730 రోజుల దాకా ఉంది. సంతోషమే. కానీ సెలవు అనే మాట ఉద్యోగం ఉన్నవాళ్లది. కోట్‌పల్లి చేలల్లో పనిచేసే ఆమెకు సెలవు అంటే ఆ పూట పొయ్యి ఎలా వెలుగుతుందన్న ప్రశ్న. రాజ్యాంగ హక్కు అధ్యాపకురాలి దగ్గరే ఎందుకు ఆగిపోవాలి?

మన దగ్గర ఇంకో చిక్కుంది. దాన్ని ఆరోగ్యశాఖ పత్రాల్లో నేనెక్కడా చూడలేదు. తొలి కాన్పు పుట్టింట్లో. కాన్పు జరిగిన ఊళ్లో పేరు నమోదవుతుంది, అక్కడి ఆశ కార్యకర్త ఇంటికి వచ్చి చూస్తుంది. మూడు నెలలకో అయిదు నెలలకో బిడ్డతో అత్తారింటికి పంపుతారు. తాండూరు, బషీరాబాద్ వైపు అత్తారిల్లు కర్ణాటకలో కావడం మామూలే, సేడం కావచ్చు, చించోళి కావచ్చు. రాష్ట్రం మారింది, ఆరోగ్యశ్రీ మారింది, ఆశ కార్యకర్త మారింది, కాయితాల మీది భాష కూడా మారింది. ఆ తర్వాత మొగుడూ పెళ్లాం పని వెతుక్కుంటూ హైదరాబాద్‌కో పూనాకో పోతే ఇంక చెప్పేదేముంది. బిడ్డ 'తప్పిపోలేదు'. పెళ్లి, కాన్పు, వలస అనే మూడు దారుల వెంట, ఈ సమాజంలో ఆడవాళ్లు ఎటు నడవాలని నిర్ణయించారో అటే నడిచింది. ఆ దారులు తెలియనిది యంత్రాంగానికి.

ఆ యంత్రాంగం లెక్క ఎక్కడిదాకా ఉందో కూడా చూడాలి. ఆశ కార్యకర్త నవజాత శిశువును నలభై రెండు రోజుల దాకా చూస్తుంది. 2018 తర్వాత వచ్చిన పథకం ప్రకారం మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా మూణ్ణెల్లకొకసారి ఇంటికి వెళ్తుంది. 2017లో తెలంగాణలో మొదలైన కె.సి.ఆర్. కిట్ పథకంలో తల్లికి ఇచ్చే డబ్బు చివరి వాయిదా తొమ్మిదో నెల టీకాతో ముడిపడి ఉండింది. టీకాకు డబ్బు ముడిపెట్టగలిగిన ప్రభుత్వం చెవి పరీక్షకు ఎందుకు ముడిపెట్టలేదు? 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టు లోపాలను, ఎదుగుదలలో ఆలస్యాలను వెతికి పట్టుకోవాలని చెబుతుంది. బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు రావాలి, జిల్లాకొక సత్వర చికిత్సా కేంద్రం ఉండాలి. కాగితం మీద ఇది మంచి పథకం. కానీ అది బిడ్డను కనిపెట్టి పై ఆసుపత్రికి రాసి పంపే పథకం. రాసి పంపడానికీ చేరడానికీ మధ్య ఉన్న దూరమంతా మళ్లీ తల్లిదే.

నింద గురించి మాట్లాడకుండా ఈ విషయం పూర్తి కాదు. బిడ్డ పెదవి చీలి పుడితే 'గ్రహణం మొర్రి' అని పేరు పెట్టి, గ్రహణం రోజు నువ్వేం చేశావని తల్లిని నిలదీసిన సంస్కృతి మనది. ఇప్పుడు గ్రహణం స్థానంలో వైరస్ వచ్చింది, నిలదీయడం మారలేదు. మన దేశంలో పెద్దయ్యేసరికి దాదాపు ఆడవాళ్లందరికీ సి.ఎమ్.వి. ఎప్పుడో ఒకప్పుడు సోకే ఉంటుంది. అది ఒంట్లో ఉండిపోయి మళ్లీ లేస్తుంది, లేదా కొత్త రకం సోకుతుంది. ఎక్కువగా దేనివల్ల? చిన్నపిల్లల ఉమ్మి వల్ల, మూత్రం వల్ల. అంటే పెద్ద బిడ్డ చొంగ తుడిచినందుకు, ఉచ్చగుడ్డలు ఉతికినందుకు, ఎంగిలి ముద్ద తిన్నందుకు. సంరక్షణ పనే ఇక్కడ ఇన్‌ఫెక్షన్ దారి. ఆ పని ఆమె ఒక్కదానికే అప్పగించి, తర్వాత జాగ్రత్తగా లేవని అనడం ఏం న్యాయం? సిఫిలిస్, హెచ్.ఐ.వి. సంగతి మరీ అన్యాయం. చాలాసార్లు భర్త నుంచి వచ్చిన జబ్బు, గర్భిణీ పరీక్షలో ఆమె రక్తంలోనే మొదట బయటపడుతుంది కనుక 'ఆమె తెచ్చిన జబ్బు' అవుతుంది. భర్తకు కూడా పరీక్ష, వైద్యం జరగాలని నియమం ఉంది. అతను రాడు. అతను రాకపోతే ఏ రిజిస్టరులోనూ నింద పడదు. ఆమె మాత్రం బిడ్డను పరీక్షకు తీసుకెళ్లే ప్రతిసారీ అత్తకో అబద్ధం, ఆడబిడ్డకో అబద్ధం చెప్పి బయటపడాలి. ఒక తేదీ తప్పిందంటే బహుశా ఆ రోజుకు అబద్ధం దొరకలేదన్నమాట.

రుబెల్లాకు టీకా ఉంది. తెలుగు రాష్ట్రాల్లో 2017 ఆగస్టులో తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలందరికీ తట్టు-రుబెల్లా టీకా వేశారు. ఇప్పుడది మామూలు టీకాల పట్టికలో ఉంది. అంటే 2002కు ముందు పుట్టిన ఆడపిల్లలకు ఆ ప్రచారం వర్తించలేదు. డబ్బు పెట్టి బయట వేయించుకున్నవాళ్లను పక్కనపెడితే, వాళ్లలో కొందరికి చిన్నప్పుడే జబ్బు వచ్చిపోయి రక్షణ ఉంటుంది, కొందరికి ఉండదు. ఈ తరం ఇప్పుడు బిడ్డల్ని కనే వయసులో ఉంది. గర్భం మొదటి పన్నెండు వారాల్లో రుబెల్లా వస్తే బిడ్డకు సోకే అవకాశం నూటికి తొంభై దాకా ఉంటుంది. గర్భం రాకముందు టీకా వేయాలి, వచ్చాక వేయకూడదు. పెళ్లికి ముందు ఆడపిల్ల ఆరోగ్యం గురించి ఆరోగ్యశాఖ అడిగేది రక్తహీనత గురించే. ఈ ఒక్క ప్రశ్న కూడా చేర్చమని సంఘాలు అడగాలి.

రుబెల్లా వల్ల పిల్లలు శుక్లాలతో పుడతారని మొదట గుర్తించింది 1941లో ఆస్ట్రేలియాలో నార్మన్ గ్రెగ్ అనే కంటి డాక్టరు. చరిత్ర ఆయన పేరే రాసుకుంది. కానీ ఆయనకు దారి చూపింది ఆయన గదిలో బిడ్డల్ని ఎత్తుకుని కూర్చున్న తల్లుల మాటలేనని చెబుతారు. కడుపుతో ఉన్నప్పుడు తమకు ఆ దద్దుర్ల జ్వరం వచ్చిందని వాళ్లు చెప్పుకున్నారు. ఆయన గొప్పదనం విన్నందుకు. మన ఓ.పి.ల్లో బిడ్డకు రెండు నిమిషాలు కూడా దొరకనప్పుడు వినేదెవరు? 'పిలిస్తే తిరగట్లేదు' అని మొదట పసిగట్టేది తల్లి. ఇంట్లో 'మగపిల్లలు ఆలస్యంగానే మాట్లాడతారు' అంటారు. బయట 'పుట్టినప్పుడు పరీక్షలో బాగానే ఉంది కదా' అంటారు. ఏడాది గడుస్తుంది. సి.ఎమ్.వి. విషయంలో ఇంకో ఇబ్బంది ఉంది. పుట్టిన మూడు వారాల్లోపు మూత్రమో ఉమ్మో పరీక్షిస్తేనే అది గర్భంలో సోకిందని గట్టిగా చెప్పగలరు. మూడు వారాల పచ్చి బాలింతను, పురుడు కూడా సరిగా తీరకముందే, పరీక్షల కోసం పట్నం పంపే ఇల్లు ఎక్కడుంది? నమూనా ఊరి నుంచి ల్యాబుకు పోవాలి గానీ బాలింత ల్యాబుకు పోవడమేమిటి?

ఇది కుదరని పని కాదు. హెచ్.ఐ.వి. ఉన్న తల్లుల బిడ్డలకు అలాంటి ఏర్పాటు ఉంది. ఆరో వారం, ఆరో నెల, పన్నెండో నెల, పద్దెనిమిదో నెల అని పరీక్షల పట్టిక ఉంది. ఎండిన రక్తపు చుక్క కాగితం మీద ల్యాబుకు వెళ్తుంది. కౌన్సిలర్ ఉంటుంది, రాకపోతే వెతుక్కుంటూ వచ్చే మనిషి ఉంటుంది. లోపాలు లేవని కాదు, ఉన్నాయి. కానీ అక్కడ తల్లికి ఒంటరిగా గుర్తుపెట్టుకునే బాధ్యత లేదు. టి.బి. విషయం ఇంకా దగ్గరిది. అనంతగిరి గుట్ట మీద నిజాం కాలం నాటి శానటోరియం ఉన్న వికారాబాద్ వాళ్లకు టి.బి. గురించి ఒకరు చెప్పనక్కరలేదు. 2018 నుంచి టి.బి. రోగికి పోషకాహారానికని ప్రభుత్వం నెలకు 500 రూపాయలిచ్చింది, 2024 నవంబర్‌లో దాన్ని 1,000 చేసింది. మందు దగ్గరుండి వేయించే వ్యక్తికి కూడా పారితోషికం ఉంది. ఎందుకంటే టి.బి. పక్కవాడికి అంటుకుంటుంది. చెవుడు అంటుకోదు. భయపడాల్సిన జబ్బు వెంట ప్రభుత్వం నడుస్తుంది, భయం లేని జబ్బును తల్లికి వదిలేస్తుంది.

ఇక స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే మిత్రులతో ఒక మాట. ఈ మధ్య 'సంరక్షకులకు సహాయం' పేరుతో శిక్షణలు పెరిగాయి. బిడ్డకు ఇంట్లో చేయించాల్సిన వ్యాయామాలు, మాటల సాధన, కంటికి పట్టీ కట్టే పద్ధతి తల్లికి నేర్పుతారు. నేర్పడం మంచిదే. కానీ ఉదయం అరగంట, మధ్యాహ్నం అరగంట, సాయంత్రం అరగంట అని చెప్పి పంపేటప్పుడు ఆ గంటన్నర ఆమె రోజులో ఎక్కడుందో అడిగారా? 2019లో జాతీయ గణాంక కార్యాలయం చేసిన సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారనీ, చేసే పురుషులు 97 నిమిషాలు పెడుతున్నారనీ తేలింది. ఆ 299 మీద ఇంకో తొంభై వేస్తున్నాం. ఆమె చేయలేకపోతే 'ఇంటి సాధన లేదు' అని కేసుపత్రంలో రాస్తున్నాం. లేదా ఆమె చేస్తుంది, పెద్ద పిల్ల బడి మానేసి వంట చేస్తుంది. అది ఏ పత్రంలోనూ పడదు. తల్లి మోయగలిగేలా బరువును సర్దిపెట్టడం వేరు, బరువును పంచడం వేరు. మొదటిది చేసి రెండోది చేశామనుకోవడం నాకు సమ్మతం కాదు. శిక్షణకు తండ్రి రాకపోతే ఆ రోజు శిక్షణ జరగదని ఒక్క సంస్థయినా నియమం పెట్టుకుంటే చూడాలని ఉంది. తండ్రి లేని ఇళ్లు, వదిలేసిన ఇళ్లు ఉంటాయి, అక్కడ వేరే ఏర్పాటు చేయాలి. కానీ ఉన్నచోట కూడా అతన్ని అడగడం మానేశాం.

పోనీ ఆశ కార్యకర్తకు అప్పగిద్దామంటారు. ఆమె కూడా ఆడమనిషే, జీతం లేకుండా పారితోషికాల మీద పనిచేసే మనిషి. కూలి లేని ఒక ఆడదాని పనిని అరకూలి ఉన్న ఇంకో ఆడదానికి అప్పగించడాన్ని పరిష్కారం అనకూడదు. ఇవ్వాలంటే ఆ పనికి ధర కట్టి ఇవ్వాలి. పదిహేను నెలల దగ్గర ఆగిపోకుండా అయిదేళ్ల దాకా ఈ పిల్లల ఇళ్లకు వెళ్లడానికి, తేదీ గుర్తుచేయడానికి, వెంట వెళ్లడానికి విడిగా చెల్లించాలి.

వికారాబాద్‌లో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. తాండూరులో జిల్లా ఆసుపత్రి ఉంది. నెలకొక రోజు పిల్లల డాక్టరు, కంటి డాక్టరు, చెవి డాక్టరు, వినికిడి పరీక్ష చేసే మనిషి, ఫిజియోథెరపిస్టు ఒకే గదిలో ఒకే పూట కూర్చోవడం ఈ రెండుచోట్లా జరగాలి. నాలుగు ఆసుపత్రుల ప్రయాణం ఒక్క బస్సు ప్రయాణంగా మారితే ఎన్ని 'తప్పిపోయిన' కేసులు దొరుకుతాయో అప్పుడు చూద్దాం. ఆ తేదీ పంట రోజుల్ని చూసి పెట్టాలి, సంత రోజున పెట్టకూడదు. వచ్చిన తల్లికో తండ్రికో ఆ రోజు కనీస వేతనం అక్కడే ఇవ్వాలి. టీకాల గడులున్నట్టే తల్లి దగ్గరుండే కార్డులో వినికిడి, చూపు పరీక్షల తేదీలకు అయిదేళ్ల దాకా గడులుండాలి. ఫలానా పరీక్ష ఎందుకో ఒక్క వాక్యంలో ఆమెకు అర్థమయ్యే భాషలో రాసి ఉండాలి. తాండూరులో అది ఉర్దూ కావచ్చు, సరిహద్దులో కన్నడం కావచ్చు. తండాలో నోటితో లంబాడీలో చెప్పాలి. జబ్బు పేరు కార్డు పైన కొట్టొచ్చినట్టు రాయకూడదు. అత్తారిల్లు కర్ణాటకలో అయితే ఆ కార్డు కల్బుర్గి ఆసుపత్రిలో కూడా చెల్లాలి.

చెవిలో యంత్రం అమర్చే ఖరీదైన ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో ఉంది. యంత్రం పెట్టించుకున్న కుటుంబాలు తర్వాత తీగ తెగినప్పుడు, బ్యాటరీ పోయినప్పుడు ఎవరిని అడగాలో తెలియక దాన్ని డబ్బాలో దాచి పెట్టుకోవడం నేను చూశాను. ఆపరేషన్ సంఖ్య వార్షిక నివేదికలో పడుతుంది, డబ్బాలో ఉన్న యంత్రం పడదు. ఆడపిల్లది అయితే ఆ డబ్బా ఇంకాస్త తొందరగా మూతపడుతుందని ఈ పత్రిక చదివేవాళ్లకు చెప్పక్కర్లేదు. వికారాబాద్, తాండూరుల్లో పనిచేస్తున్న సంఘాలు ఆరోగ్య అధికారులను కలిసినప్పుడు అడగాల్సిన లెక్కలు రెండున్నాయి. పైకి రాసి పంపిన పిల్లల్లో ఎంతమంది మూడేళ్ల తర్వాత కూడా వైద్యంలో ఉన్నారన్నది ఒకటి. రానివాళ్ల ఇంటికి వెళ్లి ఎందుకు రాలేకపోయారని అడిగింది ఎవరన్నది రెండోది. ఆ రెండో లెక్క రాయడానికి రిజిస్టరులో కాలమ్ లేదంటే, ముందు ఆ కాలమ్ గీయించాలి.